మృతుల పట్టీలో పెరిగిన బరువు

వచ్చే నెలలో ఈ కంప్యూటర్‌ను తీసుకుపోతారట. దీని స్థానంలో కొత్తది వస్తుంది. ఎక్కడో పట్నంలో తయారైన కొత్త ప్రోగ్రాం కూడా దానితోనే వస్తుంది. పాతదాన్ని ఏం చేస్తారని అడిగితే తుక్కు కింద పోతుందని చెప్పారు. నేను రాసిన ప్రోగ్రాం అందులోనే ఉంది. దానివల్ల ఒక శీతాకాలం పొద్దున జరిగిన సంగతి ఏ రిజిస్టర్లోనూ లేదు. అప్పటి డాక్టరుగారికి బదిలీ అయింది. ఆయన రాసిన చీటీ ఎక్కడైనా దొరికినా జ్వరం, కాళ్ళనొప్పులు, రక్తం తక్కువ అని మాత్రమే అందులో ఉంటుంది. జబ్బుపడ్డ బిడ్డను బండి ఎక్కించడానికి తల్లి గంటసేపు ఎందుకు ఒప్పుకోలేదో ఉండదు. ఆ గంటకు కారణం నేను. నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఇందులో ఎవరి పేరూ పెట్టడం లేదు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

మాది అరకు నుంచి డుంబ్రిగుడ దాటి లోపలికి వెళ్ళే దారిలో, కొండ మీద ఒక కోందు ఊరు. ఇంట్లో కువి మాట్లాడతాం. సంతలో ఒరియా, బళ్ళో తెలుగు. ఇంటర్‌తో నా చదువు ఆగింది. మా ఊరికి దిగువనున్న చిన్న ఆస్పత్రిలో కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే పని దొరికింది. చదువు ఆగిందన్న దిగులు నాకు ఎక్కువ రోజులు లేదు. ఆదివారం నాకు సెలవు, గ్రంథాలయానికి సెలవు శుక్రవారం. ఆ రెండు సెలవులూ ఒకే రోజు పడకపోవడం నా అదృష్టమని ఇప్పటికీ అనుకుంటాను.

అరకు గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల నాది. సముద్రం అడుగున వెలుతురు లేని చోట బతికే చేపల గురించి అక్కడే చదివాను. తేనెటీగల గురించి, పాత కాలపు నాణేల గురించి, గుండె ఆపరేషన్ గురించి చదివాను. ఏ పుస్తకమూ నాకు సంబంధం లేనిదని పక్కన పెట్టలేదు. ప్రోగ్రాంలు రాయడం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఒకటే పుస్తకం మూడుసార్లు చదివి, ప్రోగ్రాంలన్నీ రూళ్ళ నోటుబుక్కులో రాసుకుని, సోమవారం ఆస్పత్రికి వచ్చి కంప్యూటర్‌లో కొట్టేదాన్ని. నాకు గురువు లేడు. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం. ఈ కథలో తప్పంతా ఆ ఇష్టంలోనే మొదలైంది.

కంప్యూటర్ అప్పటికే పాతది. లోపల చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉండేది. రాత్రి ఆపి ఉండగా కరెంటు పోయిందంటే దాని తేదీ చాలా ఏళ్ళు వెనక్కి పోయేది. మా దగ్గర కరెంటు పోని రోజు లేదు. పొద్దున్నే వచ్చి ముందు తేదీ సరిచేసేదాన్ని. లేకపోతే ఆ రోజు వచ్చినవాళ్ళంతా ఎప్పుడో వచ్చినట్టు నమోదైపోతారు.

అందులో ఒక పట్టీ ఉంది. మా కొండల్లో కొందరికి పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుంది. రక్తకణాలు కొడవలిలా వంకర తిరుగుతాయి. చలికాలం వస్తే కాళ్ళూ చేతులూ విరుగుతున్నంత నొప్పి, జ్వరం. రోజూ మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుంది. ఊరూరా పరీక్ష చేసి, పరీక్ష చేసిన ప్రతి మనిషినీ ఆ పట్టీలో ఎక్కించారు. నెలనెలా పట్టీ ప్రింటు తీస్తే, దాన్ని పట్టుకుని ఆశా కార్యకర్తలు మాత్రలు ఇంటింటికీ ఇస్తారు. ఎవరైనా చనిపోతే వాళ్ళ పేరు పక్కన ‘మరణించారు’ అన్న గడిలో టిక్కు పెడతాం. ఆ తర్వాత నెల నుంచి ఆ పేరు ప్రింటులో రాదు.

పట్టీలో ఒక చిక్కుంది. ఒకే మనిషి రెండుసార్లు, మూడుసార్లు ఉండేవాడు. ఏడాదికో రిజిస్టరు మారింది, రిజిస్టరుకో చేతిరాత మారింది. ఒక ఇంటికి రెండు మందుల పొట్లాలు వెళ్ళేవి, పక్క ఇంటికి చాలేవి కావు. డాక్టరుగారు విసుక్కున్నారు.

“ఇన్ని పుస్తకాలు చదువుతావు కదమ్మా, దీన్ని బాగుచేసే దారి ఒక్కదాంట్లోనూ లేదా?”

ఆ మాట నన్ను పట్టుకుంది.

ఆ వారమే గ్రంథాలయానికి పార్వతీపురం నుంచి పాత పుస్తకాల కట్ట ఒకటి వచ్చింది. అందులో నేను ప్రోగ్రాంలు రాయడానికి నేర్చుకున్న భాష మీదే ఒక పుస్తకం ఉంది, నాకు తెలిసిన దానికంటే చాలా కొత్త వెర్షన్‌ది. భాష ఎంత మారిపోయిందో చూసి ఆశ్చర్యపోయాను. అందులో ‘రికార్డ్’ అనేది ఒకటి ఉంది. అంతకుముందు ఆ భాషలో ఇద్దరు మనుషుల వివరాలు అచ్చుగుద్దినట్టు ఒకటే అయినా, యంత్రం వాళ్ళని ఇద్దరుగానే చూసేది. రికార్డ్ అలా కాదు. లోపలి వివరాలు ఒకటైతే ఇద్దరూ ఒకటే అంటుంది. మా పట్టీకి కావలసింది సరిగ్గా అదే.

కానీ ఆ కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసే సాధనం పదేళ్ళనాటిది. కొత్తదాన్ని అది మోయలేదు. పుస్తకం ఏమో కొత్త సాధనం ఉందనుకుని రాసినది. పేజీలు తిప్పుతూ పోతే రికార్డ్ గురించి ఉన్న పేజీ అంచున పెన్సిలుతో, తెలుగులో, చిన్న అక్షరాలతో ఎవరో రాసి ఉంచారు. పాత సాధనంలో కూడా ఇది నడపవచ్చని, కంపైలర్‌ను మాత్రం కొత్తది తెచ్చి పెట్టుకోవాలని, ప్రాజెక్టు ఫైలులో ఒక వరుస మార్చాలని. కంపైలర్ అంటే మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది. దాని కింద ఇంకో మాట: ‘ఒక క్లాసు లేదని అడుగుతుంది. ఆ పేరుతో నువ్వే ఒకటి రాయి. లోపల ఏమీ అక్కర్లేదు. పేరుంటే చాలు.’

ఎవరు రాశారో గ్రంథాలయంలో అడిగాను. పుస్తకం వెనక అతికించిన చీటీ మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. నాకంటే ముందు దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు.

అరకులో నెట్ సెంటర్ నుంచి కొత్త కంపైలర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ప్రాజెక్టు ఫైలులో వరుస మార్చి, రికార్డ్ రాశాను. ఎడిటర్, అంటే అక్షరాలు కొట్టే తెర, నేను రాసిన ప్రతి కొత్త మాట కిందా ఎర్ర గీత గీసింది. అది పాతది, దానికి ఆ మాటలు తెలియవు. కంపైలర్‌కు మాత్రం అన్నీ తెలుసు. ఒక్క క్లాసు దొరకలేదని ఆగింది. పెన్సిలు మాట ప్రకారం ఆ పేరు రాసి, పక్కన రెండు బ్రాకెట్లు పెట్టి, మధ్యలో ఏమీ రాయకుండా వదిలాను. మళ్ళీ నడిపాను.

ఒప్పుకుంది. ఆ పేరుతో అక్కడ ఎవరైనా ఉన్నారా లేదా అని కంపైలర్ లోపలికి తొంగి చూడలేదు. తెర నిండా ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి. వాటి కిందనే ప్రోగ్రాం మామూలుగా నడుస్తోంది. కిటికీ బయట మంచు వచ్చి సిల్వర్ ఓక్ చెట్లు కనబడకుండా పోయాయి. కాసేపు కుర్చీలోంచి లేవలేదు. సంతోషమే, కానీ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు కూడా అనిపించింది.

ఇక మనిషిని మనిషిగా గుర్తుపట్టడానికి ఏ వివరాలు పెట్టాలన్నది నా నిర్ణయం. పేరు, ఇంటిపేరు, ఊరు పెట్టాను. వయసు పెట్టలేదు. మా ఊళ్ళలో వయసు అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ఒకే ముసలాయన ఒక రిజిస్టర్లో యాభై, మరో దానిలో డెబ్భై. వయసు పెడితే ఒక్కరు కూడా కలవరు. ఈ సంగతి పట్నంలో కూర్చుని ప్రోగ్రాం రాసేవాళ్ళకి తెలియదు, నాకు తెలుసు అని గర్వపడ్డాను.

నాకు తెలిసిన ఇంకో సంగతి ఉంది. అది నా బుర్రలోకి రాలేదు.

మా వాళ్ళలో పేరు కొత్తగా పెట్టరు. బిడ్డ పుట్టాక దిసారి, అంటే మంచిచెడ్డలు చూసే ఊరి పెద్ద, గిన్నెలో నీళ్ళు పోసి ఒక బియ్యపు గింజ వేస్తాడు. తర్వాత ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేరు ఒక్కొక్కటి చెబుతూ ఒక్కో గింజ వదులుతాడు. ఏ పేరు చెప్పినప్పుడు వేసిన గింజ వెళ్ళి మొదటి గింజకి ఆనుకుంటే, ఆ మనిషి తిరిగి వచ్చినట్టు. బిడ్డకి అదే పేరు. ఇంటిపేరు అదే, ఊరూ అదే. నా పేరు కూడా మా నాన్న మేనత్తది. చిన్నప్పుడు మా నాన్న నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, ‘అత్తా’ అనేవాడు. ఇవన్నీ నా ఇంట్లో సంగతులు. అయినా నేను కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు పుస్తకంలోని మనిషినై కూర్చున్నాను.

ప్రోగ్రాం నడిపితే పట్టీ సన్నబడింది. ఒకే మనిషివని తోచిన నమోదులన్నిటినీ కలిపి ఒకటిగా చేసింది. డాక్టరుగారు ప్రింటు చూసి, “నువ్వు ఇక్కడ ఉండాల్సినదానివి కాదమ్మా” అన్నారు. ఆ రోజంతా ఆ మాటే నెమరేసుకున్నాను.

రెండో నెలలో, చనిపోయినవాళ్ళ పట్టీ విడిగా కావాలని అడిగారు. ప్రింటు తీసి చూస్తున్నాను. ఒక ఆమె, అరవై ఎనిమిదేళ్ళు, పోయి చాలా ఏళ్ళయింది. పక్కన టిక్కు ఉంది. కింద ఆమె ఆస్పత్రికి వచ్చిన తేదీలు. పోయిన తేదీ తర్వాత కూడా వరుసలు ఉన్నాయి. బరువు తొమ్మిది కిలోలు. మూడు నెలల తర్వాత పది. తర్వాత పదిన్నర. ఒక వరుసలో ‘పళ్ళు వస్తున్నాయి’ అని నర్సు రాసింది.

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. పట్టపగలు. ప్రింటర్ వేడిగా ఉంది, కాగితం కూడా వెచ్చగా ఉంది. చనిపోయిన మనిషి బరువు పెరుగుతోంది. ఆ వరుసలు మూడుసార్లు చదివాను. తర్వాత ఎవరో వేరే మనిషి వివరాలు పొరపాటున ఇందులో కొట్టి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. తప్పు నర్సుది, నా ప్రోగ్రాంది కాదు. కాగితం మడిచి కీబోర్డు కింద పెట్టాను. ఆ ఒక్క వరుస పట్టుకుని వెతికినా అరగంట పని. పదిహేను రోజులు వెతకలేదు.

పదిహేనో రోజు తల్లి బిడ్డను వీపున కట్టుకుని వచ్చింది. పది గంటలైనా మంచు విడలేదు. మెట్లెక్కేదాకా మనిషి కనబడలేదు, దగ్గు మాత్రం వినబడింది. బిడ్డకు అయిదేళ్ళుంటాయి. తల తల్లి భుజం మీద వాల్చి ఉంది.

“ఏటమ్మా, మా ఊరికి మాత్రలు మానీసినారా?” అంది తల్లి. “రెండు నెల్లై ఆశామ్మ ఉత్త సేతుల్తో ఒస్తంది. పట్టీలో పేరు నేదంటంది. కొత్త మనిషి, దానికేటి తెలుసు. రేతిరి మా అత్త కాళ్ళునొప్పులని ఒకటే ఏడుపు. తను పడుకోనేదు, నన్ను పడుకోనీనేదు.”

డాక్టరుగారు పార్వతీపురం వైపు మనిషి. “మీ అత్తగారికి కూడా బాలేదా? ఆవిడ్ని తీసుకురాలేదే?” అన్నారు.

“ఈవిడే బాబూ మా అత్త” అంటూ వీపున ఉన్న బిడ్డను చూపించింది. “ఆ అత్తా ఇంతే. పనికి రమ్మంటే కాళ్ళునొప్పులనేది. ఇప్పుడు నా వీపెక్కి కూకుంది.”

డాక్టరుగారు నవ్వి, బిడ్డ కనురెప్ప కిందికి లాగి చూశారు. తర్వాత నవ్వలేదు. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఇక్కడ పని కాదని, పెద్దాస్పత్రికి తీసుకెళ్ళి రక్తం ఎక్కించాలని చెప్పి బండికి ఫోన్ చేశారు. మంచులో అరకు నుంచి రావాలి, ముప్పావుగంట పడుతుందన్నారు. చీటీ రాస్తూ, “నంబరు చూసి చెప్పమ్మా” అన్నారు నాతో.

తల్లిని పేరు అడిగాను. చెప్పింది. ఆ పేరు కొడుతుండగానే నాకు కీబోర్డు కింది కాగితం గుర్తొచ్చింది. తెర మీద అరవై ఎనిమిదేళ్ళ మనిషి వచ్చింది. పక్కన టిక్కు.

“చనిపోయినట్టుంది” అన్నాను. డాక్టరుగారితో అనబోయి పైకి అనేశాను.

తల్లి విన్నది. “ఎవులు?”

“ఎవరూ కాదు. కంప్యూటర్‌లో తప్పు పడింది.”

“మా అత్తని సచ్చిపోయినోల పట్టీలో ఎట్టీసినారా?”

ఆమె వెనక్కి జరిగి గోడకి ఆనుకుని కింద కూర్చుంది. బిడ్డను వీపు మీంచి ఒళ్ళోకి తిప్పుకుని చీర కొంగు కప్పింది.

“బండొస్తే ఎక్కం” అంది. “ముందు దీన్ని అందులోంచి తియ్యండి.”

“అది ఉట్టి కంప్యూటర్ తల్లీ” అన్నారు డాక్టరుగారు. “దాంట్లో ఏముంటే ఏంటి? నీ బిడ్డ బాగుండాలా వద్దా?”

“బాగుండాలనే బాబూ. పేరు ఆలకాడుండగా కొండ దిగితే, ఆలు రానిత్తారా?”

ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పేరు పెట్టిన రోజున దిసారి ఊరి బయట నిలబడి, ఫలానా మనిషి మా దగ్గరికి వచ్చేసింది, ఇక మీ దగ్గర లేదు అని పోయినవాళ్ళకి చెబుతాడు. ఒకే పేరు అక్కడా ఇక్కడా పలికితే వాళ్ళు తమ మనిషని లాగుతారు. ఇది ఆమెకి భయం కాదు, బాట మీద గొయ్యి ఉందని తెలియడంలాంటిది. తెలిసి బిడ్డతో అందులోకి ఎవరు దిగుతారు?

“ఆ టిక్కు తీసెయ్యమ్మా, చాలు” అన్నారు డాక్టరుగారు నాతో మెల్లగా.

తీసేశాను. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళ మనిషి బతికి ఉంది.

“సదువు” అంది తల్లి. ఆమెకి చదవడం రాదు.

“తీసేశాను. మీ అమ్మాయి బతికున్నవాళ్ళలో ఉంది.”

“మరి ముసిల్ది? అదెక్కడుంది?”

అది కూడా తన చోట తను ఉందని చెప్పవచ్చు. ఆమె వచ్చి చూడదు, చూసినా చదవలేదు. బండి వస్తుంది, బిడ్డ వెళుతుంది. అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను. కొంగు కింద నుంచి బిడ్డ, కళ్ళు మూసుకునే, కువిలో ఏదో అంది. నాతో కాదు, వాళ్ళమ్మతోనూ కాదు. “ఇంకా రాయనేదు” అని ఆ మాటకి అర్థం.

నోరు మూసుకుని ప్రోగ్రాం తెరిచాను.

రికార్డ్‌లో ఇంకో వివరం పెట్టాలి. పేరు, ఇంటిపేరు, ఊరు తిరిగి వచ్చినా తిరిగి రానిది ఏముంటుందని ఆలోచించాను. తల్లి. తిరిగి వచ్చేవాళ్ళు వేరే తల్లికి పుట్టే వస్తారు. ‘తల్లి పేరు’ అని ఒక గడి కలిపి నడిపాను. ఆగిపోయింది, తప్పుందట. ఎక్కడని తెర చూస్తే అన్నిచోట్లా ఎర్ర గీతలే. రెండు నెలలుగా ఆ గీతల్ని చూడకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు వాటిలో ఒకటి నిజమైనది. మిగతావన్నీ ఉత్తవి. పైనుంచి ఒక్కో గీత మీద వేలు పెట్టుకుంటూ దిగాను. కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూత మొదలైంది. పాత నమోదుల్ని చదివే చోట కొత్త గడిని కలపడం మర్చిపోయాను, అదీ తప్పు. దిద్దేసరికి బయట బండి మోత వినిపించింది. డాక్టరుగారు వెళ్ళి డ్రైవరుతో ఆగమని చెప్పారు.

కలిసిపోయిన నమోదును రెండుగా విడదీసే తెర వచ్చింది. ముందు తల్లిని తన పేరు అడిగి బిడ్డ వరుసలో కొట్టాను. తర్వాత రెండో వరుస.

“మీ అత్తగారి అమ్మ పేరేంటి?”

“నాకేటి తెలుసు? ఆ ఇంటి పాత పేర్లు నాకెవులూ సెప్పనేదు.”

“ఎవరైనా అనగా వినలేదా?”

“నేదు.”

బిడ్డ ఒక పేరు చెప్పింది. నొప్పితో మూలుగుతున్న గొంతుతో కాదు, మామూలుగా, తెలిసినదాన్ని అడిగితే చెప్పినట్టు చెప్పింది. తల్లి వంగి బిడ్డ ముఖం చూసింది. కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. నేను ఆ పేరు కొట్టి మీట నొక్కాను.

రెండు వరుసలు అయ్యాయి. ముసలామె పక్కన టిక్కు మళ్ళీ పెట్టాను.

“సదువు.”

చదివాను. ఫలానా పేరు, అయిదేళ్ళు, ఫలానా తల్లి బిడ్డ, బతికి ఉంది. అదే పేరు, అరవై ఎనిమిదేళ్ళు, మరణించింది. రెండోసారి చదవమంది. రెండోసారి విని లేచింది.

“పదత్తా, బేగి ఎల్లొచ్చీద్దాం” అంటూ బిడ్డను భుజాన వేసుకుని తనే బండి వైపు నడిచింది. తలుపు వేసిన చప్పుడు వినబడింది. బండి మాత్రం మంచులో కనబడలేదు.

మధ్యాహ్నం ఒంటరిగా ఆ రెండు వరుసల్నీ చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. రెండో గడి నింపనక్కరలేదు. బిడ్డ వరుసలో తల్లి పేరు ఉండి, ముసలామె వరుసలో గడి ఖాళీగా ఉన్నా అవి వేరువేరే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కూడా తెలిసే సంగతి. నేనెందుకు అడిగానో నాకు తెలియదు.

ఆ రెండు వరుసలతో అయిపోలేదు. నేను కలిపేసిన ప్రతి నమోదునూ విప్పాల్సి వచ్చింది. డాక్టరుగారికి జరిగిందంతా చెప్పాను. కీబోర్డు కింది కాగితం గురించి కూడా చెప్పాను. ఆయన ఆ కాగితం విప్పి చూశారు. తర్వాత, “ఊళ్ళకి వెళ్ళి అడుగు. అందరి తల్లుల పేర్లూ రాసుకురా” అన్నారు.

బిడ్డ తొమ్మిదో రోజున తిరిగి వచ్చింది. రక్తం ఎక్కించారు, జ్వరం తగ్గింది. నేను మాత్రలు పట్టుకుని మొదట ఆ ఊరికే వెళ్ళాను. ముసలామె చెల్లెలు ఒకావిడ ఇంకా ఉంది. వాకిట్లో ఆరబోసిన కాఫీ పళ్ళను కాలితో తిరగబోస్తోంది. పక్కన కూర్చుని, మీ అమ్మగారి పేరు ఇదేనా అని అడిగాను.

ఆమె కాలు ఆగింది.

“ఎవులు సెప్పినారే గుంటా?”

“మీ అప్పే”, అంటే మీ అక్కే, అనబోయి ఆగాను. “ఆ బిడ్డ చెప్పింది” అన్నాను.

ఆమె కొండ వైపు చూసింది. వాళ్ళమ్మ కల్లు తీసే జీలుగు చెట్టు మీంచి పడి పోయిందట. అలాంటి చావు చచ్చినవాళ్ళ పేరు మా వాళ్ళు తిరిగి పెట్టరు. దిసారి గింజలు వేసేటప్పుడు కూడా ఆ పేరు అనడు. ఇంట్లో ఎవరూ పలకరు.

“మా అప్పకీ నాకూ తప్ప ఆ పేరు తెలిసినోలు నేరు” అంది. “మేవిద్దరం కూడా అననేదు. అదొక్క సారే మా నోట ఒచ్చింది, అప్ప పోయే ముందర. గుడిసెలో మేవిద్దరమే.” నా వైపు తిరిగింది. “నువ్వు రాసీసినావా?”

“రాశాను.”

“మిషను ఆపీసినాక కూడా ఉంటాదా?”

“ఉంటుంది.”

“తీసీ. మా అప్పకి అమ్మ నేకపోయినా పర్నేదు.”

మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరిచి, తేదీ కూడా సరిచేయకుండా ఆ గడి ఖాళీ చేశాను. పెన్‌డ్రైవ్‌లో దాచిన నకలులోనూ తీసేశాను. మళ్ళీ కలిసిపోతారేమోనన్న భయంతో పట్టీ నడిపాను. ఇద్దరూ ఇద్దరుగానే ఉన్నారు. ఆ నెల ప్రింటులో బిడ్డ పేరు వచ్చింది. ఆశా కార్యకర్త మాత్రలు తీసుకెళ్ళింది. మిగతా ఊళ్ళలో నమోదులన్నీ విప్పడానికి వర్షాకాలం దాకా పట్టింది. బతికున్నవాళ్ళ తల్లుల పేర్లు మాత్రమే అడిగాను.

దీన్ని రాయడానికి, అంతకంటే ముందు ఆ రోజు గడవడానికి, తోడుపడినవాళ్ళకి నమస్కారం చెప్పాలి. పేరు పేరునా చెప్పడం మర్యాద. నాకు ఆ ధైర్యం లేదు కాబట్టి వరుసలతో చెబుతున్నాను. ఇంటికివ్వకూడని పుస్తకాలను కూడా ఒక్క ఆదివారానికని నా చేతిలో పెట్టిన గ్రంథాలయం బాబాయికి. నా తప్పు విని కూడా నన్ను కుర్చీలోంచి లేపని డాక్టరుగారికి. మంచులో హారన్ కొట్టకుండా ఆగిన బండి డ్రైవరన్నకి. పుస్తకం అంచున పెన్సిలుతో రాసిన మనిషికి, ఎవరైనా సరే, ఎక్కడున్నా సరే. రెండుసార్లు చదివించుకున్న ఆ తల్లికి. కాఫీ పళ్ళు వదిలి నాతో మాట్లాడిన పెద్దమ్మకి.

ఆ పిల్లకి మాత్రం ఎదురుగానే చెప్పాను. ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. మొన్న డుంబ్రిగుడ సంతలో వాళ్ళమ్మ కొంగు పట్టుకుని కనబడింది. ఆ రోజు నువ్వు చాలా సాయం చేశావు, నీ మేలు మరవను అన్నాను.

“ఏటి సేసినాను?” అంది.

“నేనడిగిన పేరు చెప్పావు కదా.”

పిల్ల నా ముఖంలోకి కాసేపు చూసింది.

“నానేటీ సెప్పనేదు” అంది. “నన్ను నువ్వేటీ అడగనేదు.”

వాళ్ళమ్మ నా వైపు తిరగకుండా చింతపండు బేరమాడుతోంది.